హానోవర్‌లో వాక్యూమ్ కొలువు

వాయు మిశ్రమంలోకి మైక్రోవేవ్‌లు పంపి, ఒక్కో వాయువు వాటిని పీల్చుకునే చోట వచ్చే గీతని బట్టి అది ఎంత ఉందో కొలవడం మా ల్యాబు పని. అందులో మైక్రోవేవ్ పని తక్కువ, వాక్యూమ్ పని ఎక్కువ. చదువుకున్నదేమో వాయు అణువుల భ్రమణం, వర్ణపట రేఖలు. జర్మనీలోని ఈ హానోవర్ వచ్చాక పొద్దున్నే చేతికొచ్చేది స్పానర్.

ఫ్లాంజ్ బోల్టులు, అంటే రెండు గొట్టాల అంచు పళ్లేల్ని కలిపే బోల్టులు, బిగించడం వర్క్‌షాప్ పెద్దాయన దగ్గర నేర్చుకున్నాను. ఒకటి బిగించాక పక్కదాని జోలికి పోకూడదు, ఎదురుదానికి వెళ్లాలి. అలా కొంచెం కొంచెంగా, చుట్లు చుట్లుగా. మధ్యలో పెట్టే రాగి రింగు ఒక్కసారి నలిగిందంటే మళ్లీ వాడనివ్వడు. ఆ తర్వాత ఎక్కడైనా లీకుందేమోనని హీలియం పట్టుకుని అతుకు అతుకూ గాలిస్తాడు. నన్ను ‘హెర్ డాక్టర్’ అనే పిలుస్తాడు. బోల్టు వంకరగా ఎక్కినా తిట్టడు, విప్పేసి మళ్లీ నా చేతికే ఇస్తాడు.

ఈ చాదస్తానికి కారణముంది. 1934లో మిషిగన్‌లో క్లీటన్, విలియమ్స్ అమోనియాని రబ్బరు పూసిన గుడ్డసంచిలో, మామూలు వాతావరణ పీడనంలోనే నింపి చూశారు. అది మైక్రోవేవ్‌ని పీల్చుకున్న చోట కనబడింది ఒకే వెడల్పాటి గుట్ట. 1946లో ఆక్స్‌ఫర్డ్‌లో బ్లీనీ, పెన్‌రోజ్ పీడనం బాగా తగ్గించాకే అది సన్నని గీతలుగా విడిపోయింది. అణువుల గుద్దులాట తగ్గితేనే దేని గీత దానిది. మేం చూసేది ఒక పాస్కల్ దగ్గర, అంటే వాతావరణ పీడనంలో లక్షో వంతు.

జీడిమెట్లలో మందుల కంపెనీలో చేసే మా బావ ఫోన్లో అడిగాడు, “మాస్ స్పెక్ ఉండగా ఇదంతా ఎందుకురా?” అణువుల్ని బరువుని బట్టి వేరుచేసి చూపే యంత్రం అది.

“నైట్రస్ ఆక్సైడు, కార్బన్ డయాక్సైడు రెండిటి అణుభారమూ 44, మీ దాంట్లో ఒకే చోట కూర్చుంటాయి కదా బావా. మా దాంట్లో నైట్రస్ ఆక్సైడు గీత 25.12 గిగాహెర్ట్జ్ దగ్గర వస్తుంది. రెండోదానికి ద్విధ్రువం లేదు, అంటే అణువులో ఒక కొస ప్లస్, ఇంకో కొస మైనస్ అన్న తేడా లేదు, గీతే రాదు.”

“అయితే కార్బన్ డయాక్సైడు నువ్వు కొలవలేవన్నమాట!”

కొలవలేను. నైట్రోజన్ సంగతీ అంతే. బావకి ఇలాంటివి ఇట్టే దొరుకుతాయి.

అసలు ఏడిపించేది అమోనియా. 23.87 గిగాహెర్ట్జ్ దగ్గర గీత బలంగానే వస్తుంది, కానీ స్టీలు గోడలు దాన్ని పట్టేసుకుంటాయి. వాల్వు మూసి చూస్తుంటే గీత కళ్లముందే కుంగిపోతుంది. ఆ అంకె రాసుకుంటే మిశ్రమంలో ఉన్నదానికంటే తక్కువే లెక్కకొస్తుంది. అందుకని మిశ్రమాన్ని ఆపకుండా పారిస్తూ, గోడలు తాగాల్సింది తాగి గీత ఎత్తు నిలకడగా ఉన్నాకే రాసుకుంటాం. మర్నాడు వేరే వాయువు పెడితే నిన్నటి అమోనియా తొంగి చూస్తుంది. అప్పుడిక గొట్టాలకి హీటింగ్ టేపు చుట్టి, పంపు నడుస్తుండగా వదిలెయ్యడమే. ఈ పని శుక్రవారానికి పెట్టుకోమన్నదీ పెద్దాయనే. ఆదివారం ఒకసారి వచ్చి చూసుకుంటానంటే మాత్రం ఆయనకి నచ్చదు. పంపు పనిచేస్తోంది కదా, మీరెందుకు అంటాడు.