ఎడిన్‌బరాలో ఓటేశాను, రెండో పేపర్ మీద

మొన్న గురువారం, 2022 మే 5న, స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరాలో కౌన్సిల్ (మన మున్సిపల్ కార్పొరేషన్ లాంటిది) ఎన్నికల్లో ఓటేసి వచ్చాను. ఇవాళ ఆదివారం. మూడు రోజులైనా ఆ చర్చి హాలు గుర్తొస్తే దుప్పటి ముసుగేసుకోవాలనిపిస్తోంది. వేడి తగ్గకముందే రాసేస్తున్నా.

తెలియనివాళ్ల కోసం ఒక మాట. ఇండియా పాస్‌పోర్టుతో, వీసా మీద ఇక్కడ ఉంటున్నవాళ్లకు కూడా ఓటుంది. కామన్వెల్త్ దేశస్థులం కాబట్టి కౌన్సిల్‌కే కాదు, స్కాటిష్ పార్లమెంటుకూ, లండన్ పార్లమెంటుకూ వేయొచ్చు. ఇక్కడ ఓటేస్తే మన పౌరసత్వం పోతుందని ఒక పుకారు తిరుగుతుంటుంది. ఏమీ పోదు. నేను పోయిన ఏడాది మేలో స్కాటిష్ పార్లమెంటు ఎన్నికల్లో వేశాను, నా పాస్‌పోర్టు నా దగ్గరే ఉంది.

చలికాలంలో ఇల్లు మారాం, దాంతో మళ్లీ రిజిస్టర్ చేసుకోవాల్సి వచ్చింది. ఆన్‌లైన్‌లో ఐదు నిమిషాల పని. కాకపోతే ఈసారి ఏ ధ్యాసలో ఉన్నానో, మన పద్ధతిలో ఇంటిపేరు ముందు కొట్టేశాను. నేషనల్ ఇన్సూరెన్స్ నంబరుతో (ఉద్యోగం, పన్నుల కోసం ఇక్కడ ఒక్కొక్కరికీ ఇచ్చే నంబరు) పేరు కలవలేదని, పాస్‌పోర్టు కాపీ పంపమని ఉత్తరం వచ్చింది. తప్పు నాదే, ఒప్పుకుంటా. కానీ ఫోన్ చేస్తే అవతలి పెద్దమనిషి "మీకు రెండు పేర్లున్నాయా?" అని మూడుసార్లు అడిగాడు. మూడోసారి "ఒక్కటే ఉంది, దాన్ని మీరు తిరగేసి చదువుతున్నారు" అన్నా. ఆయన నవ్వలేదు. ఏప్రిల్ 18 అర్ధరాత్రి గడువు, దానికి వారం ముందు పని అయింది. మీరు మాత్రం నేషనల్ ఇన్సూరెన్స్ ఉత్తరంలో పేరు ఎలా ఉంటే అక్షరం పొల్లుపోకుండా అలాగే కొట్టండి.

ఇక అసలు కథ. దీనికి ముందు నా గొప్పలు చెప్పాలి, లేకపోతే జరిగిన పరువు నష్టం విలువ మీకు తెలియదు.

మా నాన్న రిటైర్డ్ హెడ్మాస్టర్. నల్గొండ జిల్లాలో ఆయన చేయని పోలింగ్ డ్యూటీ లేదు. పోయిన ఏడాది మార్చిలో నల్గొండ-ఖమ్మం-వరంగల్ గ్రాడ్యుయేట్ ఎమ్మెల్సీ ఎన్నిక జరిగినప్పుడు 71 మంది పోటీలో ఉన్నారు. బ్యాలెట్ పేపర్ దినపత్రికంత. లెక్కింపు నాలుగు రోజులు నడిచింది. ఆ నాలుగు రోజులూ నాన్న ఫోన్లో నాకు మొదటి ప్రాధాన్య ఓట్లు, రెండో ప్రాధాన్య ఓట్లు, కోటా (గెలవడానికి కావలసిన ఓట్లు), ఎలిమినేషన్ (అందరికన్నా తక్కువ ఓట్లొచ్చినవాళ్లను తప్పించడం) అని పాఠం చెప్పారు. అందుకని ఇక్కడి కౌన్సిల్ ఎన్నిక కూడా ప్రాధాన్య ఓటు పద్ధతేనని తెలియగానే, మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో నేనే పెద్ద దిక్కునైపోయాను.

ఏడు నిమిషాల వాయిస్ మెసేజ్ పెట్టాను. వార్డుకు ముగ్గురో నలుగురో కౌన్సిలర్లుంటారు. నచ్చినవాళ్లకు 1, ఆ తర్వాత 2, 3 అని అంకెలు వేయాలి. ఎంతమందికి వేయాలన్నది మీ ఇష్టం, ఒక్క 1 వేసి వచ్చేసినా ఓటే. 2007లో ఈ పద్ధతి మొదలైనప్పుడు స్కాటిష్ పార్లమెంటు ఎన్నిక కూడా అదే రోజు పెట్టారు. ఒక కాగితం మీద ఇంటూ మార్కు, ఇంకో కాగితం మీద అంకెలు. పార్లమెంటు ఓట్లు లక్షకు పైగా చెల్లకుండా పోయాయి, ఆ తర్వాత రెంటినీ విడదీశారు. ఇక్కడిదాకా అన్నీ నిజాలే. చివర్లో గొంతు పెంచి ఒక హెచ్చరిక చేశాను: "ఇంటూ మార్కు పెట్టారో, మీ ఓటు చెత్తబుట్టలోకే!" మన ఎమ్మెల్సీ ఎన్నికల్లో రూలు అదే. వాళ్లిచ్చే ఊదారంగు స్కెచ్ పెన్నుతో అంకె వేయాలి, టిక్కు పెట్టినా, ఇంటూ పెట్టినా, 'ఒకటి' అని అక్షరాల్లో రాసినా చెల్లదు. ఇక్కడి రూలు చూడాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు.

మధ్యలో కరపత్రాల గొడవ ఒకటి. ఒక పార్టీ, పేరు చెప్పను, మా వార్డులో ఇద్దర్ని నిలబెట్టింది, ఒక ఆవిడ, ఒక ఆయన. మా ఇంటికొచ్చిన కరపత్రంలో ఆయనకు 1, ఆవిడకు 2 వేయమని ఉంది. మాకు రెండు వీధుల అవతల ఉండే కాకినాడ అక్క ఇంటికొచ్చిన కరపత్రంలో ఆవిడకు 1, ఆయనకు 2! అదే పార్టీ, అదే ఫొటోలు. నాకు ఒళ్లు మండింది. మా చెత్త డబ్బాలు రెండు వారాలు ఎత్తకపోతే గుమ్మం దాకా వచ్చి పేరు రాసుకుని వెళ్లింది ఆవిడే. ఆయన మొహం నేను చూడనే లేదు.

తర్వాత అర్థమైంది, అది మోసం కాదు, లెక్క. బ్యాలెట్ మీద పేర్లు ఇంటిపేరు అక్షరక్రమంలో ఉంటాయి. ఒకే పార్టీవాళ్లు ఇద్దరుంటే పైనున్న పేరుకే ఎక్కువమంది 1 వేసేస్తారు, కిందనున్నవాళ్లు మొదట్లోనే ఎలిమినేట్ అయిపోతారు. అందుకని వార్డును రెండుగా పంచి, ఇటు ఒకరికి, అటు ఒకరికి మొదటి ప్రాధాన్యం అడుగుతారు. తెలివైన పనే. కానీ ఆ సంగతి కరపత్రంలో ఒక్క లైను రాయొచ్చుగా? ఓటరు బుర్ర మీద నమ్మకం లేనివాళ్లు ఓటెందుకు అడుగుతారో! ఇంకో మాట, మన ఇంటిపేర్లలో 'వి'తో, 'వై'తో మొదలయ్యేవి ఎన్నున్నాయో మీకు తెలుసు. మనవాళ్లెవరైనా ఇక్కడ పోటీ చేస్తే పేరు ఎక్కడుంటుందో ఊహించుకోండి.

గురువారం సాయంత్రం ఆరున్నరకు పోలింగ్‌కి వెళ్లా. చర్చి హాలు. పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు, కరెంటు బిల్లు అన్నీ కవర్లో పెట్టుకుని వెళ్తే ఎవరూ ఏదీ అడగలేదు. పేరు, అడ్రసు చెప్పమన్నారు. టేబుల్ దగ్గరున్న పెద్దావిడ స్కేలు పెట్టి లిస్టులో నా పేరు మీద గీత గీసి, కాగితం చేతికిచ్చింది. వేలికి సిరా లేదు.

బూత్ అంటే మూడు వైపులా చెక్క పలక, దారంతో కట్టిన ఒక పెన్సిల్. పెన్సిల్! నల్గొండలో పెన్సిల్‌తో ఓటేయమంటే ఆ సాయంత్రానికల్లా ధర్నా మొదలవుతుంది. అక్కడే నా ధ్యాస చెదిరింది. తొమ్మిది పేర్లు. పైనుంచి చదువుతూ వచ్చా. కరపత్రం చెప్పినట్టు ఆయనకు వేయనా, నా మనసు చెప్పినట్టు ఆవిడకు వేయనా అని ఒక్క క్షణం ఆగి, ఆవిడకే అనుకున్నా. చెయ్యి దానంతటది వెళ్లి ఆవిడ పేరు పక్కన చక్కగా ఇంటూ పెట్టింది.

అలవాటు పోయిన ఏడాదిది. మనకు చిన్నప్పట్నుంచీ ఇంటూ అంటే తప్పు, రైటు అంటే టిక్కు. పార్లమెంటు ఎన్నికలప్పుడు ఆ ఇంటూ పెట్టడానికే చెయ్యి రాక, ఇంట్లో పాత కవర్ మీద ప్రాక్టీసు చేసి వెళ్లా. ఆ ప్రాక్టీసు ఇప్పుడు పనికొచ్చింది!

చెమటలు పట్టాయి. "ఇంటూ పెట్టారో చెత్తబుట్టలోకే" అన్న నా గొంతు నాకే వినపడింది. రబ్బరు లేదు. వేలితో రుద్దా. నల్లగా అలుక్కుంది. ఇంటూని కొట్టేసి పక్కన 1 వేశా. చూస్తే అది 1 లాగా లేదు, 4 లాగా ఉంది. దాని మీద దిద్దా. చివరికి ఆవిడ గడి చిన్నపిల్లాడి పలకలా తయారైంది. అలాగే పెట్టెలో వేసేద్దామా అనుకున్నా. కానీ నాన్న గుర్తొచ్చారు. చెల్లని ఓటేసే చదువుకున్నవాళ్లంటే ఆయనకు మంట.

కాగితం పట్టుకుని టేబుల్ దగ్గరికి వెళ్లి, గొంతు తగ్గించి, "తప్పు చేశాను, ఇంకోటి ఇస్తారా?" అన్నా. పెద్దావిడకు వినపడలేదు. మళ్లీ చెప్పా. ఆవిడ హాలంతా వినపడేలా పక్కనున్న ప్రిసైడింగ్ ఆఫీసర్‌ని పిలిచి, "ఈ జెంటిల్‌మన్ పేపర్ పాడుచేసుకున్నారు" అంది. వెనక క్యూలో ఏడెనిమిది మంది. తల తిప్పి చూస్తే ముందు కాకినాడ అక్క, ఆవిడ పక్కన పదహారేళ్ల కూతురు. ఇక్కడ పదహారుకే ఓటు.

"ఏం తమ్ముడూ, ఒక్క ఓటుకి రెండు పేపర్లా?" అంది అక్క, నవ్వు ఆపుకుంటూ.

"లేదక్కా, పెన్సిల్ సరిగా లేదు" అన్నా. దారుణమైన అబద్ధం.

ప్రిసైడింగ్ ఆఫీసర్ మంచివాడు. పాత కాగితం తీసుకుని రద్దు చేసి, కొత్తది ఇస్తూ మెల్లగా చెప్పాడు: ఒకే ఒక్క ఇంటూ ఉంటే దాన్ని మొదటి ప్రాధాన్యంగానే తీసుకుంటారట. కొట్టేయకుండా ఉంచేసి ఉంటే ఓటు చెల్లేదట. అక్క విన్నది. ఆమె కళ్లు పెద్దవయ్యాయి. ఏడు నిమిషాల వాయిస్ మెసేజ్ ఆమె రెండుసార్లు విని, తన డెంటల్ క్లినిక్‌లో పనిచేసే ఇంకో ఇద్దరికి కూడా పంపిందట. ఆ సంగతి బయటికొచ్చాక చెప్పింది.

రెండో కాగితం మీద చిత్తూరు నాగయ్య అంత నిదానంగా 1, 2, 3 వేశా. ఆవిడకు 1. చెత్త డబ్బాల గురించి తప్ప ఇంకేమీ మాట్లాడని ఇండిపెండెంట్‌కు 2. కరపత్రం ఆయనకు, ఒప్పుకుంటున్నా, కోపంతోనే, 5. నేను బూత్‌లోంచి బయటికి వచ్చేసరికి అక్క కూతురు ఓటేసేసి తలుపు దగ్గర ఫోన్ చూసుకుంటోంది. స్కూల్లో నేర్పారట. అర నిమిషం కూడా పట్టలేదు ఆ పిల్లకి.

శుక్రవారం లెక్కింపు. కాగితాలన్నీ స్కాన్ చేసి కంప్యూటర్‌తో లెక్కిస్తారు కాబట్టి నాలుగు రోజుల జాతర లేదు. ఆఫీసు పని పక్కన పెట్టి ఫలితాల పేజీ రిఫ్రెష్ చేస్తూ కూర్చున్నా. ఆవిడ మొదటి రౌండ్లోనే కోటా దాటింది. మిగులు ఓట్లు దశాంశాల్లో కనపడేసరికి నాన్నకు వీడియో కాల్ చేశా.

నాలుగు సీట్లకు పదివేల ఓట్లు పడ్డాయనుకోండి. పదివేలను ఐదుతో భాగించి ఒకటి కలిపితే కోటా 2001. మన ఎమ్మెల్సీలో సీటు ఒక్కటే కాబట్టి రెండుతో భాగిస్తాం, సగానికి ఒకటి ఎక్కువ. సూత్రం అదే. ఒకరికి 2501 వచ్చాయంటే 500 మిగులు. ఆ 500 కాగితాలు ఏవని ఏరడం ఉండదు. ఆ 2501 కాగితాలూ తర్వాతి ప్రాధాన్యం వైపు కదులుతాయి, ఒక్కొక్కటీ 0.19992 విలువతో.

"అంటే ఇరవై పైసల ఓటన్న మాట" అన్నారు నాన్న. "మిగతా ఎనభై పైసలు ఆవిడ దగ్గరే ఉండిపోయాయి. లెక్క న్యాయంగానే ఉందిరా. ఇంతకీ నీ రెండోది ఎవరికి?"

ఇండిపెండెంట్‌కని చెప్పా. ఆయన నాలుగో రౌండ్లో పోయాడు, నా పైసలు మూడో ప్రాధాన్యానికి వెళ్లాయి. కరపత్రం ఆయన చివరి సీటుకు అరవై చిల్లర ఓట్ల తేడాతో ఓడాడు. మా వీధి చెప్పిన మాట వినుంటే గెలిచేవాడేమో. నాకేం బాధ లేదు, గుమ్మం దాకా వచ్చి ఉండాల్సింది.

ఊరు మొత్తం మీద 63 సీట్లలో ఎస్‌ఎన్‌పీకి (స్కాటిష్ నేషనల్ పార్టీ) 19, లేబర్‌కు 13, లిబరల్ డెమోక్రాట్లకు 12, గ్రీన్స్‌కు 10, కన్జర్వేటివ్‌లకు 9. ఎవరు ఎవరితో కలుస్తారో ఇంకా తేలలేదు. స్కాట్లాండ్ మొత్తంలో ఓటేసినవాళ్లు సగం మంది కూడా లేరు. 2020లో గ్రేటర్ హైదరాబాద్‌లో 46 శాతమే పోలైతే ఇక్కడ కూర్చుని ఎన్ని మాటలన్నామో, మా గ్రూపులో ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

పేపర్ పాడుచేసిన సంగతి నాన్నకు చెప్పలేదు. గ్రూపులో కూడా ఇంకా చెప్పలేదు. పొద్దున అక్క ప్రైవేటుగా మెసేజ్ పెట్టింది: "ఇంటూ పెడితే చెల్లుతుందని నువ్వు పెడతావా, నన్ను పెట్టమంటావా?" నేనే పెడతానక్కా అన్నా. ఇప్పటికి రెండుసార్లు రికార్డు చేసి డిలీట్ చేశాను.