మ్యాక్‌బుక్ ఎయిర్‌లో విండోస్ 10: డ్రైవర్ల వెతుకులాట

మొదటి శనివారం

బైరాగిపట్టెడలోని మా ఇంట్లో ఉన్న 2017 నాటి 13 అంగుళాల మ్యాక్‌బుక్ ఎయిర్‌లో విండోస్ 10 మళ్లీ వేశాను. నాన్నగారి పద్యాల పేజీలన్నీ పాత డీటీపీ ఫైళ్లలో ఉన్నాయి. వాటిని తెరిచే సాఫ్ట్‌వేర్ మా దగ్గర విండోస్‌ది మాత్రమే ఉంది. తొలిసారి, మ్యాక్‌లో విండోస్ వేయడానికి ఆపిల్ ఇచ్చే బూట్‌క్యాంప్ అసిస్టెంట్ ద్వారా వేసినప్పుడు, హార్డ్‌వేర్‌ను విండోస్ చేత పనిచేయించే డ్రైవర్ల సంగతి నేను పట్టించుకోవలసిన అవసరమే రాలేదు. ఈసారి విండోస్ పార్టిషన్‌ను (డిస్క్‌లో దానికి కేటాయించిన భాగాన్ని) చెరిపి, మామూలు కంప్యూటర్లకు వాడే పెన్‌డ్రైవ్‌తో వేయడం వల్ల ఆపిల్ డ్రైవర్లు ఒక్కటీ రాలేదు. వైఫై లేదు, స్పీకర్లు పలకలేదు, కీబోర్డు దీపం వెలగలేదు, ట్రాక్‌ప్యాడ్ మీద రెండు వేళ్లు ఆనిస్తే రైట్ క్లిక్ పడలేదు.

కంప్యూటర్‌లోని పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్‌లో ‘నెట్‌వర్క్ కంట్రోలర్’, ‘మల్టీమీడియా కంట్రోలర్’ అనే రెండు పేర్ల పక్కన పసుపు గుర్తులు కనిపించాయి. రెండింటికీ కోడ్ 28, అంటే డ్రైవర్ వేయలేదని అర్థం. మల్టీమీడియా అంటే శబ్దమేనని నిశ్చయించుకొని, ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ద్వారా ఇంటర్నెట్ తెచ్చుకొని, రాత్రి వరకు ఆడియో డ్రైవర్ల కోసమే వెతికాను.

ఆదివారం

వెతకవలసిన పద్ధతి అది కాదని ఉదయం తెలిసింది. పరికరం మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ ట్యాబ్ తెరిచి, అక్కడి జాబితాలో హార్డ్‌వేర్ ఐడీస్ ఎంచుకుంటే ఆ పరికరం ఎవరు తయారుచేసినదో, ఏ రకానిదో చెప్పే రెండు సంఖ్యలు కనబడతాయి. నా మల్టీమీడియా కంట్రోలర్‌లో తయారీదారు సంఖ్య 14ఈ4, పరికరం సంఖ్య 1570. 14ఈ4 అంటే బ్రాడ్‌కామ్. 1570 అంటే తెర పైనున్న ఫేస్‌టైమ్ కెమెరా. నెట్‌వర్క్ కంట్రోలర్‌లో అదే తయారీదారు సంఖ్య పక్కన 43ఏ0 ఉంది; అది వైఫై చిప్. నిజమైన ఆడియో చిప్, 1013, 4208 సంఖ్యలు గల సిరస్ లాజిక్‌ది, పసుపు గుర్తే లేకుండా ‘హై డెఫినిషన్ ఆడియో డివైస్’ అన్న పేరుతో వేరే చోట ఉంది. విండోస్ తనతో తెచ్చుకున్న సాధారణ డ్రైవర్ దానికి తగులుకోవడం వల్ల అంతా సరిగానే ఉన్నట్టు చూపిస్తూ స్పీకర్లను మాత్రం పలికించలేదు. పసుపు గుర్తు లేనంత మాత్రాన సరైన డ్రైవర్ ఉన్నట్టు కాదని నాకు అప్పుడే బోధపడింది.

రెండో శనివారం

చిత్తూరు నుంచి వచ్చిన మా బావ తన మ్యాక్‌బుక్ ప్రోకు వాడిన బూట్‌క్యాంప్ ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లో తెచ్చారు. సెటప్ నడిపితే ఈ మోడల్‌కు ఇది పనికిరాదన్న సందేశంతో ఆగిపోయింది. ఆ తనిఖీని దాటించి బూట్‌క్యాంప్ ఎంఎస్‌ఐ (ఇన్‌స్టాలర్) ఫైలును అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్ నుంచి నేరుగా నడిపే మార్గం ఒకటి ఉంది. అయినా మోడల్‌ను బట్టి ప్యాకేజీలో ఉండే డ్రైవర్లు మారతాయి కనుక నేను ఆ దారి పట్టలేదు.

ల్యాప్‌టాప్‌ను ఆప్షన్ కీ నొక్కిపట్టి ఆన్ చేసి మ్యాక్‌ఓఎస్‌లోకి వెళ్లాను. బూట్‌క్యాంప్ అసిస్టెంట్ తెరిచాక, కంటిన్యూ నొక్కకుండా, తెర పైభాగంలోని యాక్షన్ మెనూలో ‘డౌన్‌లోడ్ విండోస్ సపోర్ట్ సాఫ్ట్‌వేర్’ ఎంచుకోవాలి. ఈ మెనూ చాలామంది కంట పడదు. వచ్చిన ఫోల్డర్‌ను ఫ్యాట్32గా ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, విండోస్‌లో బూట్‌క్యాంప్ ఫోల్డర్‌లోని సెటప్‌ను నడిపి రీస్టార్ట్ చేశాను. వైఫై, కెమెరా, శబ్దం, కీబోర్డు దీపం అన్నీ ఒకేసారి వచ్చాయి. రెండు వేళ్ల రైట్ క్లిక్‌ను మాత్రం టాస్క్‌బార్ మూలనున్న బూట్‌క్యాంప్ కంట్రోల్ ప్యానెల్‌లో టిక్ పెట్టి ఆన్ చేయవలసి వచ్చింది.

ఇదంతా ఇంటెల్ మ్యాక్‌లకే వర్తిస్తుంది. 2020లో వచ్చిన ఎం1 మొదలుకొని ఆపిల్ చిప్ ఉన్నవాటిలో బూట్‌క్యాంప్ లేదు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసినందున, డ్రైవర్లు కుదిరాక వైఫై ఆపేసి, ఈ విండోస్ భాగాన్ని నాన్నగారి ఫైళ్లకే ఉంచాను. తొలి సంపుటం ఈ రాత్రి తెరుచుకుంది. ఒత్తులన్నీ సరిగానే ఉన్నాయి.