వినేవారిని చూపించిన దర్శకుడు

కె. విశ్వనాథ్ గారి ప్రస్తావన వస్తే శాస్త్రీయ సంగీతానికీ నాట్యానికీ తెలుగు తెరమీద పీట వేసిన దర్శకుడని అందరూ అంటారు. అందులో అబద్ధమేమీ లేదు. అయితే ఆయన చిత్రాలను ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ చూస్తూ వచ్చిన నాకు, పాడేవారికంటే వారి పాటను చెవియొగ్గి వినేవారిని, ఆడేవారికంటే వారి ఆటను కన్నార్పక చూసేవారిని ఆయన ఎక్కువగా ప్రేమించారనిపిస్తుంది. 1965లో 'ఆత్మగౌరవం'తో దర్శకుడు కావడానికి చాలాముందే ఆయన మద్రాసులోని వాహినీ స్టూడియోలో శబ్దగ్రహణ విభాగంలో పనిచేశారు. వినడమే జీవనోపాధిగా మొదలుపెట్టిన మనిషి కనుకనే ఆ దృష్టి ఆయనకు అబ్బిందని నా నమ్మకం.

'శంకరాభరణం'లో తులసినే తీసుకోండి. మంజుభార్గవి పోషించిన ఆ పాత్రకు మాటలు చాలా తక్కువ. అయినా శంకరశాస్త్రి ఎంతటి విద్వాంసుడో మనకు మొదట తెలిసేది ఆమె ముఖంలోనే. చివరి కచేరీలో శాస్త్రిగారి గొంతు ఆగిపోయినప్పుడు ఆ పాటను అందుకునేది కూడా తులసి కొడుకే, అంటే విని నేర్చుకున్నవాడే. శాస్త్రిగా జె.వి. సోమయాజులు గారి గాంభీర్యాన్ని, మహదేవన్ గారి బాణీలను ఎంత పొగిడినా తక్కువే గానీ, తులసి మౌనం లేకపోతే ఆ చిత్రం కేవలం ఒక పాటకచేరీగా మిగిలిపోయేది.

1983 నాటి 'సాగరసంగమం'లో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టంలో పాటా లేదు, ఆటా లేదు. జాతీయస్థాయి నాట్యోత్సవపు ఆహ్వానపత్రికను మాధవి, నాట్యకళాకారుడైన బాలు చేతికిస్తుంది. అందులోని మహామహుల ఫొటోలను భక్తితో చూసుకుంటూ ఒక్కొక్క పేజీ తిప్పుతున్న బాలుకు ఉన్నట్టుండి తన ఫొటోనే ఎదురవుతుంది. ఆ క్షణంలో కమల్ హాసన్ ముఖంలో నమ్మలేనితనం, సిగ్గు, ఆనందం, ఏడుపు ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తాయి. తనను చూసే కళ్లు లోకంలో ఒక జతైనా ఉన్నాయని ఒక కళాకారుడికి తెలిసిన క్షణం అది. తల్లి మరణంతో ఆ ప్రదర్శన ఇవ్వలేకపోయిన బాలు తరువాత ఎందుకంతగా కూలిపోయాడో ఆ పేజీలు గుర్తున్నవారికి వేరే చెప్పనక్కరలేదు.

'స్వర్ణకమలం'లో మీనాక్షిని నాట్యం వైపు నడిపించాలని చూసే చంద్రశేఖర్‌ది కూడా చూసేవాడి స్థానమే. అయితే అక్కడ మీనాక్షి వాదన నాకు న్యాయంగానే తోస్తుంది. నాట్యాన్నే నమ్ముకున్న తండ్రి దారిద్ర్యాన్ని కళ్లారా చూసిన పిల్ల, ఆ విద్య తనకు వద్దనడం తప్పెలా అవుతుంది? ఆమె చేత ఆ ప్రశ్నను పూర్తిగా అడగనిచ్చినందుకు దర్శకుడి మీద గౌరవం మరింత పెరిగింది.

ఆయన చిత్రాలన్నిటితోనూ నేను ఏకీభవించలేను. 'స్వాతిముత్యం'లో సీతారాముల కల్యాణం జరుగుతున్న చోట శివయ్య మంగళసూత్రం తీసుకుని, భర్తను కోల్పోయిన లలిత మెడలో కట్టేస్తాడు. అతని అమాయకత్వం నిజమే, ఆ ఊరి క్రూరత్వమూ నిజమే. కానీ ఆమె ఇష్టాయిష్టాలను ఎవరూ అడగలేదన్న బాధ నన్ను ఇప్పటికీ వదలదు. వినడం తెలిసిన దర్శకుడు అక్కడ ఆమె మాట వినకుండా ముందుకు వెళ్లిపోయారనిపిస్తుంది.

ఇక 1992లో వచ్చిన 'స్వాతికిరణం' నా దృష్టిలో ఆయన అత్యంత సాహసోపేతమైన చిత్రం. శంకరశాస్త్రి వంటి గురువును మనకిచ్చిన పన్నెండేళ్లకు, అదే గురుస్థానంలో అసూయతో దహించుకుపోయే అనంతరామశర్మను ఆయన కూర్చోబెట్టారు. మమ్ముట్టి పోషించిన ఆ శర్మకు సంగీతం రాకకాదు, ఇంకొకరి సంగీతాన్ని విని ఆనందించడం చేతకాకపోయింది. సంతానం లేని అతని భార్య శారద, అద్భుతంగా పాడే బాలుడు గంగాధరాన్ని కన్నబిడ్డలా గుండెకు హత్తుకుంటుంది. ఆ పిల్లవాడి పాటకు ఆమె మురిసిపోతుంది, శర్మ కుమిలిపోతాడు. వాణీ జయరాం గారికి జాతీయ పురస్కారం తెచ్చిన 'ఆనతినీయరా' పాటను ఈసారి కళ్లు మూసుకుని కాకుండా, వింటున్నవారి ముఖాలనే గమనిస్తూ చూడమని నా స్నేహితులకు చెబుతుంటాను.