బడి మీద సోలార్: బ్యాంకు సీఎస్ఆర్ నిధులు అందుకున్న మా అనుభవం

జిల్లా పరిషత్ హైస్కూలు మీద 5 కిలోవాట్ల సోలార్ పెట్టించడానికి మా స్వచ్ఛంద సంస్థ తరఫున ఒక ప్రైవేటు బ్యాంకు సీఎస్ఆర్ (కంపెనీలు లాభంలో కొంత సమాజం కోసం ఖర్చు చేసే బాధ్యత) విభాగాన్ని అడిగాం. నిధులొచ్చాయి, కరెంటు తయారవుతోంది. ఇదే దారిలో వెళ్లాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందు ఏ బ్యాంకును అడుగుతున్నామో తెలియాలి. ప్రైవేటు బ్యాంకులకు కంపెనీల చట్టం 2013లోని 135వ సెక్షన్ వర్తిస్తుంది. గడిచిన మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం వాళ్లు ఖర్చు పెట్టాలి. స్టేట్ బ్యాంకు, ఇతర ప్రభుత్వ బ్యాంకులు వేరే చట్టాల కింద ఏర్పడ్డాయి కాబట్టి వాటికి ఆ సెక్షన్ లేదు. అవి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం కిందటేడాది లాభంలో 1 శాతం లోపు ఇస్తాయి. సీఎస్ఆర్ కింద చేయదగ్గ పనుల జాబితా అయిన కంపెనీల చట్టం ఏడో షెడ్యూలులో విద్యా ఉంది, పర్యావరణమూ ఉంది. బడి మీద సోలార్ రెండింటికీ సరిపోతుంది. ఆ మాట దరఖాస్తు మొదటి పేజీలోనే రాయండి.

సీఎస్ఆర్-1 అనే ఫారంతో కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖలో సంస్థను నమోదు చేస్తే వచ్చే నంబరు లేనిదే ఫైలు కదలదు. 2021 ఏప్రిల్ 1 నుంచి ఇది తప్పనిసరి. ఆదాయపు పన్ను శాఖ స్వచ్ఛంద సంస్థలకిచ్చే 12ఏ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతలకు పన్ను మినహాయింపు) నమోదులు ఉండాలి. ఫారం మీద ట్రస్టీ డిజిటల్ సంతకంతో పాటు సీఏ ధ్రువీకరణ కూడా కావాలి. పాన్ కార్డులో, ట్రస్టు డీడ్‌లో సంస్థ పేరు అక్షరం తేడా లేకుండా ఉందో లేదో ముందే చూసుకోండి. అదే రకం పనిలో మూడేళ్ల అనుభవం కూడా అడుగుతారు, ఆడిట్ రిపోర్టులతో చూపించాలి.

అసలు చిక్కు మార్చి 31తో. బడిలో డ్రిల్లింగు, వైరింగు లాంటివి వేసవి సెలవుల్లోనే హాయిగా జరుగుతాయి, బ్యాంకు లెక్కలేమో మార్చికే ముగుస్తాయి. అందుకే 'ఆన్‌గోయింగ్ ప్రాజెక్టు'గా మంజూరు చేయమని మొదట్లోనే అడిగాం. అలా చేస్తే మిగిలిన సొమ్ము ఏప్రిల్ 30 లోపు బ్యాంకు ప్రత్యేక ఖాతాలోకి వెళ్తుంది, పని మరుసటి ఏడాదీ సాగుతుంది. లేదంటే ఖర్చు కాని డబ్బును ఆరు నెలల్లో ప్రభుత్వ నిధికి జమ చేయాల్సి వస్తుంది.

ఇక డాబా సంగతి. 5 కిలోవాట్లకు నీడ పడని స్థలం సుమారు 500 చదరపు అడుగులు కావాలి. నీళ్ల ట్యాంకు నీడ ఒక్క ప్యానెల్ మీద పడినా ఆ వరుస మొత్తం దిగుబడి తగ్గొచ్చు. కాబట్టి ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం డాబా ఎక్కి నీడ కొలవండి. రోజుకు సగటున 20 యూనిట్లు వస్తాయి. ఆన్‌గ్రిడ్ ఇన్వర్టరు, అంటే బ్యాటరీ లేకుండా ప్యానెళ్ల కరెంటును గ్రిడ్‌తో (బయటి విద్యుత్ లైన్లతో) కలిపే పెట్టె, కరెంటు పోతే తానూ ఆగిపోతుంది. లైనుమన్ల ప్రాణ రక్షణకే ఆ ఏర్పాటు. ఈ సంగతి హెడ్మాస్టరు గారికి ముందే చెప్పాలి, లేకపోతే కంప్యూటర్ గది నడుస్తుందని ఆశపడతారు. బ్యాటరీలకు పోకుండా నెట్ మీటరు (గ్రిడ్ నుంచి వాడుకున్నదీ, గ్రిడ్‌కు ఇచ్చిందీ రెండూ లెక్కించే మీటరు) ఎంచుకున్నాం. ఎండలు మండే మే నెలలో బడి మూసి ఉంటుంది కదా, అప్పటి కరెంటు గ్రిడ్‌కు వెళ్లి లెక్కలో పడుతుంది. నెట్ మీటరు దరఖాస్తు బడి సర్వీసు నంబరు మీదే పెట్టాలి, పాత బిల్లు బకాయిలుంటే ముందు అవి తీర్చాలి.

బడ్జెట్‌లో జీఎస్టీ కలిపే రాయండి, మనకది వెనక్కి రాదు. డాబా మీదికి ఒక కుళాయి కూడా రాయండి. పక్షానికోసారి, ఎండ ముదరకముందే ప్యానెళ్లు కడగాలి. బోరు నీళ్లయితే తుడవకుండా వదిలేస్తే తెల్లటి ఉప్పు పొర కడుతుంది. అయిదేళ్ల నిర్వహణ కాంట్రాక్టు అడగడానికి మొహమాటపడొద్దు. అది లేని ప్యానెళ్లు దుమ్ము పట్టి పడి ఉండడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

డబ్బు విడతలుగా వస్తుంది. ప్రతి విడతకూ సీఏ ఇచ్చిన వినియోగ ధ్రువపత్రం, బిల్లులు, లొకేషన్ కనిపించే ఫొటోలు పంపాలి. సీఎస్ఆర్ డబ్బుతో పెట్టిన ఆస్తి బ్యాంకు పేరున ఉండకూడదు, బడికి అప్పగించి రసీదు తీసుకోవాలి. ఇన్వర్టరు యాప్ లాగిన్ మాత్రం హెడ్మాస్టరు సొంత ఫోన్‌తో కాకుండా బడి ఈమెయిల్‌తో తెరిపించండి. ఆయనకు బదిలీ అయినా లెక్కలు బడిలోనే ఉంటాయి.