మేక కాళ్లు, అవ్వ మోకాళ్లు

ఆదివారం, రాత్రి 9:30

అవ్వకు మోకాళ్ల నొప్పులని అమ్మ పొద్దున్నే మేక కాళ్లు తెప్పించింది. కడిగే పని నాకు పడింది. ఫిజియోథెరపీలో చేరినప్పటి నుంచి బొమ్మల్లో చూస్తున్నవన్నీ ఈ రోజు సింకులో చేతికి తగిలాయి. ఎముక కొసన నీలం ఛాయతో మెరిసే తెల్లటి పొర, మృదులాస్థి. వేలు పెడితే జారిపోయేంత నునుపు. పక్కనే తాడులాంటి గట్టి పోగు. దాన్ని లాగితే కింది కణుపు వంగింది! మూడుసార్లు లాగి చూశాను.

"ఆ నరం తీసి పారెయ్ పాపా, నమల్లేం" అంది అవ్వ.

మెడ పట్టేసినా నరమే, పిక్క లాగినా నరమే మనకు. నరం కబురు మోసేది. ఇది టెండన్, కండను ఎముకకు కట్టి ఉంచేది. ఎముకను ఎముకకు కట్టేది లిగమెంట్. అవ్వను కుర్చీలో కూర్చోబెట్టి, మడమ నేలకు అదిమి వెనక్కి లాగమన్నాను. మోకాలి వెనక రెండు పక్కలా తాళ్లు బిగుసుకున్నాయి. తడుముకుని, "అవునే, మోకు మాదిరి ఉండాదే" అంది. ఆ ముఖంలో ఆశ్చర్యం చూసి నాకెంత సంతోషమేసిందో.

చిప్పలు అరిగిపోయాయని అందరూ అంటారు. ఎక్కువగా అరిగేది చిప్ప ఎముక కాదు, ఎముకల కొసల మీదుండే ఆ నున్నని పొర. దానికి రక్తనాళాలు లేవు. నడిచినప్పుడు నొక్కుకుని, వదులై, స్పాంజిలా కీలులోని జిగురు నీటి నుంచే ఆహారం తీసుకుంటుంది. అందుకే అరిగితే మళ్లీ పూడడం కష్టం. దానికి నరాలూ లేవు, అరుగుతున్న సంగతి మొదట్లో తెలియదు.

అవ్వ వయసులో ఉన్నప్పుడు ఏటా అలిపిరి నుంచి కొండెక్కేది. 3,550 మెట్లు. మోకాళ్ల పర్వతం దగ్గర మోకాళ్ల మీదే పాకేదట. "అప్పుడేం నొప్పి తెలీలేదు పాపా" అంది. నాకు గొంతు పట్టేసింది.

మధ్యాహ్నానికి ఆ మొండి పోగు రసంలో జిగురై కరిగింది. అందులోని కొల్లాజెన్ అనే ప్రొటీన్ ఉడికితే జెలటిన్ అనే జిగురు అవుతుంది. అది తిన్నంత మాత్రాన నేరుగా మోకాలికి పోదు, పప్పులోని ప్రొటీన్ లాగే కడుపులో అరుగుతుంది. అమ్మకు ఆ మాట చెప్పాను. "వేడివేడిగా తాగనీ" అంది. అదీ నిజమే.

రాత్రి మంచం మీద అవ్వ కాలు చాపించి, తొడ కండ బిగించి ఐదు అంకెలు లెక్కపెట్టించాను. కుడి కాలికి 10 సార్లు. ఎడమకు 8 దాకా వచ్చింది.