పాలసీలో 17వ కోడ్, బస్తీ దవాఖానాలో ఛాయా స్ట్రిప్

గర్భనిరోధానికి అయ్యే ఖర్చు బీమా ఇస్తుందా అన్నది తేలాలంటే, ఆరోగ్య బీమా పాలసీ కాగితాల్లో ముందు మినహాయింపుల (బీమా ఇవ్వని ఖర్చుల) పేజీ తీయండి. ఎక్స్‌క్లూజన్ కోడ్ 17 అని ఒకటి కనిపిస్తుంది. శీర్షిక చూసి అదేదో పిల్లలు పుట్టనివాళ్ల సంగతి అనుకుని దాటేస్తాం. ఐవీఎఫ్, ఇక్సీ లాంటి సంతాన చికిత్సలు, సరోగసీ అన్నీ అందులోనే ఉంటాయి మరి. కానీ మొదటి లైన్ చదవండి. ఏ రకం గర్భనిరోధక సాధనమైనా, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయినా ఖర్చు ఇవ్వమని అందులో ఉంటుంది. కంపెనీ మారినా ఈ మాటలు మారవు. 2019 సెప్టెంబరులో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ అన్ని కంపెనీలకూ ఇచ్చిన ప్రామాణిక వాక్యాలవి. ఆ ఐఆర్‌డీఏఐ ఆఫీసు మన హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోనే ఉంది. చుట్టూ ఉన్న టవర్లలో పనిచేసేవాళ్ల గ్రూప్ పాలసీల్లోనూ, ఉద్యోగమిచ్చిన కంపెనీ అదనంగా కట్టి తీయించుకుంటే తప్ప, ఇదే లైన్.

దాని కిందే కోడ్ 18, ప్రసూతి. మెటర్నిటీ కవర్ విడిగా తీసుకోకపోతే కాన్పు, చట్టబద్ధమైన అబార్షన్, ప్రమాదం వల్ల కాని గర్భస్రావం, ఏ ఖర్చూ రాదు. అంటే గర్భం రాకుండా చూసుకోవడానికీ ఇవ్వరు, వద్దనుకున్న గర్భం తీయించుకోవడానికీ ఇవ్వరు. అయితే ఇందులో ఒక మినహాయింపు మనకు పనికొస్తుంది. ట్యూబులో గర్భం, అంటే ఎక్టోపిక్, కోడ్ 18 కిందికి రాదు. కాపర్-టి ఉండగానో, ట్యూబెక్టమీ (ట్యూబులు కట్టే ఆపరేషన్) తర్వాతో గర్భం వస్తే అది ట్యూబులో ఉండే అవకాశం మామూలు కంటే ఎక్కువ. అది ఎమర్జెన్సీ ఆపరేషన్, బిల్లూ పెద్దదే. పాలసీ తీసుకుని మొదటి 30 రోజులు దాటి ఉంటే మెటర్నిటీ కవర్ లేకపోయినా ఆ క్లెయిమ్ అడగొచ్చు. డిశ్చార్జ్ సమ్మరీలో 'గర్భం' అని మాత్రమే రాస్తే టీపీఏ (కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థ) దాన్ని ప్రసూతి లెక్కలో వేసేస్తుంది. 'ఎక్టోపిక్' అన్న మాట కచ్చితంగా ఉండాలి.

ఎక్కువ గొడవ జరిగేది సిజేరియన్‌తో పాటే ట్యూబులు కట్టించుకునేవాళ్ల దగ్గర. మెటర్నిటీ కవర్ ఉంది కాబట్టి అన్నీ అందులోనే పోతాయనుకుంటారు. డిశ్చార్జ్ రోజు బిల్లింగ్ కౌంటర్లో ట్యూబెక్టమీ లైన్ మీద గీత పడుతుంది, ఆ మొత్తం చేతి నుంచి కట్టమంటారు. అడ్మిషన్‌కు ముందే ఎస్టిమేట్ రెండు రకాలుగా రాసివ్వమనండి: ట్యూబెక్టమీతో ఒకటి, లేకుండా ఒకటి. పొట్ట ఎలాగూ తెరిచే ఉంటుంది. థియేటరూ అదే, మత్తూ అదే. పెరగాల్సింది సర్జన్ ఫీజు, కాస్త కుట్టు సామాను. ట్యూబెక్టమీతో ఇచ్చిన ఎస్టిమేట్‌లో థియేటర్ చార్జీ ఇంకోసారి కనిపిస్తే ఎందుకని అడగాల్సిందే.

గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్ సంగతి కొంచెం వేరు. 52 మిల్లీగ్రాముల లెవోనార్‌జెస్ట్రెల్ హార్మోన్ ఉండే ఈ లూప్ జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉంది, ధర మీద నియంత్రణా ఉంది. అయినా కాపర్-టితో పోలిస్తే చాలా ఖరీదు. గర్భనిరోధం కోసం ఓపీలో వేయించుకుంటే బీమా నుంచి ఏమీ రాదు. నెలసరి రక్తస్రావం మరీ ఎక్కువై, హిస్టెరోస్కోపీ (గర్భసంచి లోపల కెమెరాతో చూడటం) చేసి వేస్తే అది డే-కేర్ (ఒక్క రోజులోపే అయిపోయే) చికిత్స కిందికి రావచ్చు. అప్పుడు కూడా ప్రొసీజర్‌కు ఒప్పుకుని పరికరం ధర కోసేయడం మామూలే. ప్రీ-ఆథరైజేషన్ (చికిత్సకు ముందు బీమా అనుమతి) కాగితంలో పరికరం పేరు విడిగా రాయించి, దానికి వచ్చిన జవాబు దాచుకోండి. స్కాన్ రిపోర్టు, హిమోగ్లోబిన్ రిపోర్టు జతచేయండి. లేని జబ్బు రాయమని డాక్టర్ని అడగొద్దు, రేపు ఇంకో పెద్ద క్లెయిమ్‌కు అదే ఎదురు తిరుగుతుంది. అన్యాయంగా కోశారనిపిస్తే ముందు కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి రాయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఏడాదిలోపు ఇన్సూరెన్స్ ఆంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు తీర్చే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు. హైదరాబాద్‌లోనే ఆఫీసు ఉంది, ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు.

బీమా సంగతి ఇంతే. అసలు డబ్బు మిగిలేది సర్కారు దవాఖానాలో. నిరోధ్ కండోమ్‌లు, మాలా-ఎన్, ఛాయా మాత్రలు, అంతరా ఇంజెక్షన్, కాపర్-టి, ఎమర్జెన్సీ మాత్ర, ఆపరేషన్ అన్నీ అక్కడ ఉచితం. ఆశా కార్యకర్త ఇంటికి తెచ్చిస్తే కేంద్రం పెట్టిన రేటు మూడు నిరోధ్‌లకు 1 రూపాయి, మాలా ప్యాకెట్‌కు 1 రూపాయి, ఎమర్జెన్సీ మాత్రకు 2 రూపాయలు. పట్టణ ఆరోగ్య కేంద్రంలోనో బస్తీ దవాఖానాలోనో ఏఎన్‌ఎంను (అక్కడి నర్సును) అడగండి. బుధ, శనివారాలు టీకాల రోజులు, రద్దీ ఎక్కువ. తీరిగ్గా మాట్లాడాలంటే మిగతా రోజుల్లో వెళ్లడం మేలు. (మెడికల్ షాపులో కొన్నా కండోమ్‌లకు, గర్భనిరోధక మాత్రలకు జీఎస్టీ లేదు. బిల్లులో వేస్తే తీయించండి.)

ఎన్ని అడగాలో లెక్క తెలిసి వెళ్లాలి. మాలా-ఎన్ ప్యాకెట్‌లో 28 మాత్రలు, 21 హార్మోన్‌వి, 7 ఐరన్‌వి. ఏడాదికి 13 ప్యాకెట్లు. ఛాయాలో హార్మోన్ ఉండదు. లక్నోలోని సర్కారు మందుల పరిశోధన సంస్థ సీడీఆర్ఐ తయారుచేసిన సెంట్‌క్రోమాన్ 30 మిల్లీగ్రాముల మాత్ర అది, స్ట్రిప్‌కు 8. నెలసరి మొదటి రోజున మొదటి మాత్ర. ఆ రోజు ఆదివారమైతే మొదటి మూడు నెలలూ ఆది, బుధవారాలు. తర్వాత ఆదివారం ఒక్కటే. మొదటి ఏడాది 26, 39 కలిపి 65 మాత్రలు, అంటే 9 స్ట్రిప్పులు. రెండో ఏడు నుంచి 52 మాత్రలకు 7 స్ట్రిప్పులు. చాలామంది తప్పు చేసేది నాలుగో నెలలో. వారానికి ఒకటికి మారాక అది ఏ రోజో మరిచిపోతారు. వారంలోపే గుర్తొస్తే వెంటనే వేసుకుని మామూలు రోజులు కొనసాగించాలి, మళ్లీ నెలసరి వచ్చేదాకా కండోమ్ వాడాలి. ఏడు రోజులు దాటితే మళ్లీ మొదటి నుంచి, వారానికి రెండు చొప్పున మూడు నెలలు.

అంతరా మూడు నెలలకో ఇంజెక్షన్, ఏడాదికి 4. తేదీ కంటే రెండు వారాలు ముందు, నాలుగు వారాలు ఆలస్యం దాకా చెల్లుతుంది. వేసిన చోట రుద్దకూడదు, కాపడం పెట్టకూడదు. మానేసిన వెంటనే గర్భం రాదు, చివరి ఇంజెక్షన్ తర్వాత 7 నుంచి 10 నెలలు పట్టొచ్చు. ఏడాదిలో పిల్లలు కావాలనుకునేవాళ్లు దీని జోలికి పోకపోవడమే మంచిది.

డబ్బు లెక్కలో కాపర్-టిని మించింది లేదు. 380ఏ రకం 10 ఏళ్లు, 375 రకం 5 ఏళ్లు. ప్రైవేటులో పరికరం ధర తక్కువే, బిల్లు పెరిగేది కన్సల్టేషన్, స్కాన్, వేసిన ఫీజు దగ్గర. పేట్లబుర్జు, సుల్తాన్‌బజార్ ప్రసూతి ఆసుపత్రుల్లోనో గాంధీలోనో కాన్పయితే 48 గంటల్లోపే వేయించుకోవచ్చు. అది దాటితే ఆరు వారాలు ఆగాలి. నొప్పుల మధ్య సంతకం పెట్టించుకోవడం సరికాదు, గర్భిణిగా చెకప్‌కు వెళ్లినప్పుడే చెప్పి కార్డు మీద రాయించుకోండి. జారిపోతే ఎక్కువగా మొదటి నెలల్లోనే జారుతుంది, కాబట్టి తొలి నెలసరి అయ్యాక చూపించుకోవాలి.

జీతం 21,000 లోపు ఉండి పేస్లిప్‌లో 0.75 శాతం ఈఎస్ఐ (ఉద్యోగుల బీమా) కోత ఉంటే లెక్క ఇంకా మారుతుంది. కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కు మగవాళ్లకు 7 రోజులు, ఆడవాళ్లకు 14 రోజులు పూర్తి సగటు వేతనం ఇస్తారు. దానికి ముందు ఆరు నెలల కాంట్రిబ్యూషన్ పీరియడ్‌లో 78 రోజుల చందా ఉండాలి, ఈఎస్ఐ డాక్టర్ సర్టిఫికెట్ ఉండాలి. సనత్‌నగర్, నాచారం ఆసుపత్రులు ఉండగా బయట చేయించుకుని తర్వాత సర్టిఫికెట్ కోసం తిరగడం ఎందుకు? ఈఎస్ఐ వర్తించని ఆడవాళ్లకు 2025 నవంబరు దాకా మెటర్నిటీ బెనిఫిట్ చట్టం 9ఏ సెక్షన్ ఉండేది, ఇప్పుడు దాని బదులు సామాజిక భద్రతా కోడ్ ఉంది, ట్యూబెక్టమీ తర్వాత రెండు వారాలు జీతంతో సెలవు. హెచ్‌ఆర్‌కు తెలియకపోతే కోడ్ పేరు చెప్పండి.

సర్కారులో చేయించుకున్న కుటుంబ నియంత్రణ ఆపరేషన్ ఫెయిలైతే పరిహారం ఇచ్చే ఇండెమ్నిటీ పథకం కూడా ఉంది. బయటపడ్డ 90 రోజుల్లోపు దరఖాస్తు వేయాలి. దానికి సంతకం పెట్టిన కన్సెంట్ ఫారం, స్టెరిలైజేషన్ సర్టిఫికెట్ కావాలి. భర్తదో భార్యదో సంతకం అవసరం లేదు, చేయించుకునేవాళ్లది చాలు. వేసెక్టమీ అయిన మగవాళ్లకు సర్టిఫికెట్ అదే రోజు రాదు. మూడు నెలలు కండోమ్ వాడి, ఆ తర్వాత వీర్య పరీక్షలో కణాలు లేవని తేలితేనే ఇస్తారు. చాలామంది ఆ పరీక్షకు వెళ్లరు, సర్టిఫికెట్ లేక క్లెయిమ్ అక్కడే ఆగిపోతుంది.