గుంటూరు లూథరన్ పిల్ల, బెజవాడ తపస్సు కాలం

మాది గుంటూరు. 1842లో హేయర్ అయ్యగారు వచ్చి మొదలుపెట్టిన లూథరన్ సంఘంలో మా ముత్తాతల నాటి నుంచి ఉన్నాం. పెళ్ళయ్యాక బెజవాడ వచ్చి, మా వారి కుటుంబం ఉన్న కతోలిక సభలో నేనూ చేరాను. ఈస్టర్ ముందు వచ్చే నలభై రోజుల్ని మా లూథరన్లు శ్రమదినాలు అంటారు, ఇక్కడ తపస్సు కాలం అంటారు. శ్రమదినాలు నాకు కొత్త కాదు. సాయంత్రం కూటాలు, ఒక పూట ఉపవాసం, మంచి శుక్రవారం తెల్లచీర కట్టుకుని పన్నెండు నుంచి మూడు దాకా, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల ప్రసంగాలు, అన్నీ చిన్నప్పటి నుంచి చూసినవే. నాలుగో మాట వచ్చేసరికి పిల్లలమంతా అమ్మల ఒళ్ళో నిద్రపోయేవాళ్ళం. అయినా 2025లో ఇక్కడ తపస్సు కాలం మొదటి రోజు నుంచి చివరి దాకా పాటించినప్పుడు, నాకు తెలియనివి చాలానే ఉన్నాయని అర్థమైంది.

తపస్సు కాలం మొదలయ్యే విభూతి బుధవారం ఆ ఏడాది మార్చి 5న వచ్చింది. ఆఫీసుకు వెళ్ళాలి కాబట్టి పొద్దున్నే గుడిలో పూజకు వెళ్ళాం. ఆ రోజు చదివే సువార్త మత్తయి ఆరో అధ్యాయం. ఉపవాసం ఉన్నట్టు మనుషులకు కనబడనీయకు, తలకు నూనె రాసుకో, ముఖం కడుక్కో అంటాడు ప్రభువు. అది విన్న కాసేపటికే ఫాదర్ గారు మా నుదుట బూడిదతో సిలువ గుర్తు వేశారు. అంతకు ముందు ఏడాది మట్టల ఆదివారం (ఈస్టర్‌కు ముందు ఆదివారం) నాటి మట్టల్ని కాల్చి చేసిన బూడిద అది. బయటికొచ్చాక "ఇప్పుడిది కడుక్కోవాలా, ఉంచుకోవాలా?" అని అత్తయ్య గారిని అడిగాను. "ఉంచుకో అమ్మాయ్. ఈ ఎండకి, ఈ చెమటకి అదే పోతుందిలే" అన్నారావిడ.

పోలేదు. ఆఫీసులో పక్క సీటు ఆవిడ నన్ను చూసి, "మేడం, శివరాత్రి పోయిన వారమే అయిపోయిందిగా, ఇప్పుడు విభూతి ఏంటి? మీరు క్రిస్టియన్స్ కదా?" అంది. చెప్పాను. అప్పటికే రంజాన్ ఉపవాసాలు నడుస్తున్నాయి. రోజా ఉంటున్న అకౌంట్స్ సెక్షన్ అన్నయ్య, "మీరు మంచినీళ్ళు తాగొచ్చుగా మేడం, అదృష్టవంతులు" అని నవ్వాడు.

నిజమే, సభ పెట్టిన నియమం చూస్తే చాలా చిన్నది. కచ్చితంగా ఉపవాసం ఉండాల్సింది విభూతి బుధవారం, మంచి శుక్రవారం, రెండే రోజులు. అదీ 18 ఏళ్ళు నిండినప్పటి నుంచి 59 నిండేదాకా. ఒక పూట కడుపునిండా తినొచ్చు, ఇంకో రెండుసార్లు కొద్దిగా. తపస్సు కాలపు శుక్రవారాల్లో 14 ఏళ్ళు దాటినవాళ్ళు మాంసం ముట్టకూడదు. చేపలకు అడ్డు లేదు. ఇక్కడే నాకు నవ్వొస్తుంది. కృష్ణా ఒడ్డున ఉండి, కొరమీను పులుసు లొట్టలేసుకుంటూ తిని, "ఈరోజు మాంసం మానేశాం" అనుకుంటే అది ఏం తపస్సు? పైగా ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చి, ఏ మతం వాళ్ళయినా చికెన్ కొట్టు వైపు చూడ్డానికే భయపడుతున్న రోజులవి.

మా ఇంట్లో మాత్రం కాలమంతా మాంసం, చేపలు రెండూ బంద్. ఆదివారాలు లెక్కలోకి రావు నిజానికి. విభూతి బుధవారం నుంచి పాస్క, అంటే ఈస్టర్, ముందు శనివారం దాకా 46 రోజులు, అందులో ఆరు ఆదివారాలు తీసేస్తేనే నలభై. అయినా అత్తయ్య గారు ఆదివారం కూడా పప్పుచారే. ఉగాది ఆ ఏడు మార్చి 30, సరిగ్గా నాలుగో ఆదివారం పడింది. తపస్సు కాలం మధ్యలో కాస్త ఊపిరి పీల్చుకోమన్నట్టు ఫాదర్ గారు ఊదా రంగు బదులు గులాబీ రంగు పూజావస్త్రాలు వేసుకునే ఆదివారం అది. ఎదురింటి పిన్నిగారు పంపిన బొబ్బట్లు నిశ్చింతగా తిన్నాం. మాంసానికి అయ్యే డబ్బులు ఒక డబ్బాలో వేసి, చివర్లో గుడిలో దానానికి ఇచ్చేశాం.

శుక్రవారాల్లో సిలువ మార్గం, అంటే యేసు సిలువ మోసిన దారిని తలుచుకుంటూ పద్నాలుగు స్థలాల దగ్గర ఆగి చేసే ప్రార్థన. ఒక శుక్రవారం గుణదల కొండ మీది సిలువ దాకా ప్రార్థన చేసుకుంటూ ఎక్కాం. మోకాళ్ళ నొప్పులున్నా అత్తయ్య గారు నా కంటే ముందే నడిచారు.

తిండి సంగతి ఇంతే. నన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది పాపసంకీర్తనం, అంటే చేసిన పాపాలు ఫాదర్ గారి దగ్గర ఒప్పుకోవడం. మా గుంటూరు గుడిలో ఆరాధన మొదట్లో అందరం కలిసి పాపాలు ఒప్పుకునేవాళ్ళం. ఆ గొంతుల్లో నా గొంతు కలిసిపోయేది. ఇక్కడ ఒక్కదాన్నే వెళ్ళి, ఫాదర్ గారి పక్కన మోకరించి, పైకి చెప్పాలి. సభలో చేరేటప్పుడు ఒకసారి చేశాను గానీ అప్పుడు టెన్షన్‌లో నాలుగు ముక్కలు అనేసి లేచొచ్చాను. ఈసారి సరిగ్గా చేద్దామని పది ఆజ్ఞలు ముందు పెట్టుకుని కాగితం మీద రాసుకున్నాను. రాసింది చదువుకుంటే బాగానే ఉందనిపించింది.

పాస్కకు ముందు వచ్చే పవిత్ర వారంలో వెళ్ళాను. లైను వరండా దాటి బయటికొచ్చింది. నా వంతు వచ్చాక కాగితం చూస్తూ మొదలుపెట్టాను. మా తోటికోడలి దగ్గరికొచ్చేసరికి మాట పెరిగింది. ఆవిడ ఏమంది, ఎందుకంది, దానికి నేనేమన్నాను... ఫాదర్ గారు మెల్లగా ఆపారు. "అవి ఆవిడ వచ్చి చెప్పుకుంటారు లేమ్మా. నీవి చెప్పు." కాగితం మళ్ళీ చూసుకుంటే సగం ఆవిడ తప్పులే. మిగిలినవి చెప్పాను. అక్కడ చెప్పింది ఫాదర్ గారు ఎవరికీ చెప్పకూడదు, నేనూ ఇక్కడ రాయను.

పెద్ద ప్రాయశ్చిత్తమే ఉంటుందనుకున్నాను. 51వ కీర్తన నిదానంగా చదువుకోమన్నారు, పాస్క లోపు ఆవిడకు ఫోన్ చేయమన్నారు. కీర్తన ఆ సాయంత్రమే అయిపోయింది. ఫోన్ మాత్రం గురువారం చేద్దామని, శుక్రవారం చేద్దామని, చివరికి శనివారం మధ్యాహ్నం చేశాను. సారీ అనే మాటతో మొదలుపెట్టలేక, "అక్కా, ఆవకాయ కాయలు ఎక్కడ కొంటున్నారు?" అని అడిగాను. ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత పావుగంట సేపు కాయల గురించే చెప్పింది. పెట్టేసే ముందు అనాల్సిన మాట అనేశాను. "సర్లే" అంది. మా మధ్య అన్నీ సర్దుకున్నాయని చెప్పను గానీ, పండగ రోజు పిల్లల్ని తీసుకుని భోజనానికి వచ్చింది.

వచ్చే తపస్సు కాలంలో మాత్రం పవిత్ర వారం దాకా ఆగను. మొదటి రెండు వారాల్లోనే పాపసంకీర్తనానికి వెళ్తాను. లైను ఉండదు, ఫాదర్ గారికి మాట్లాడే తీరిక ఉంటుంది, ఫోన్లు చేయడానికి నాకూ టైం మిగులుతుంది.